మా అత్తగారి కొవ్వు

మా అత్తవారి ఊళ్ళో గుండెల్లో మంట లేని మనిషి ఉండడు. గుంటూరుకి పడమటగా, నల్లరేగడి నేల మీద, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో ఊరు. నేను పుట్టి పెరిగింది ఒంగోలు దాటాక కొత్తపట్నం దగ్గర, సముద్రపు గాలిలో. మా పుట్టింట్లోనూ కారం తింటారు గానీ, ఇక్కడివాళ్ళలా పగబట్టినట్టు తినరు. కాపరానికి వచ్చిన మొదటి రోజు గోంగూర పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. కొత్తకోడలు పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోందని చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి ఓదార్చారు. మా అత్తగారు మాత్రం ఓదార్చలేదు. నా విస్తట్లో ఇంకాస్త నెయ్యి పోసి, "పచ్చడికే ఏడిస్తే రేపు మాతో ఎట్టా ఏగుతావే?" అంది.

ఆ ఊళ్ళో మంటని ఎవరూ జబ్బుగా చూడరు. గుండెల్లో మంటగా ఉందంటే మజ్జిగ తాగమంటారు, వాము నమలమంటారు, అప్పటికీ తగ్గకపోతే కొట్టు నుంచి గోళీసోడా తెప్పిస్తారు. సోడా తాగి పెద్దగా త్రేన్చగానే "పోయింది" అని మళ్ళీ పనిలో పడతారు. నిజానికి ఎక్కువసార్లు పోయేది కూడా. అందుకే ఆ నమ్మకం అంతగా పాతుకుపోయింది.

మా అత్తగారి గురించి చెప్పాలి. పంతొమ్మిది వందల అరవైల నడిమి నాటికి ఆవిడకి యాభై దాటాయి. పొడుగు మనిషి, ఎండుపుల్లలా ఉండేది. మా ఆయన ఇంకా ఉయ్యాల్లో ఉండగానే మామగారు పోయారు. పొలం మాకిచ్చేసి మా పంచన పడి ఉండమని మరుదులు అంటే, ఈవిడ తలకి గుడ్డ చుట్టుకుని తనే మిరపతోటలో దిగింది. పండిన కాయలు బండికెత్తించుకుని గుంటూరు వెళ్ళి, కమిషన్ వ్యాపారుల ఎదురుగా నిలబడి ధర మాట్లాడేది. ఆడది గట్టిగా మాట్లాడితే మన వాళ్ళకి ఒకటే మాట దొరుకుతుంది. "దానికి కొవ్వు" అన్నారు. "ఒళ్ళు కొవ్వెక్కింది" అన్నారు. ఎముకల మీద చర్మం తప్ప మరేమీ లేని మనిషిని పట్టుకుని ఊరంతా ఆ మాటే. ఆవిడ పట్టించుకోనట్టే ఉండేది. భోజనం అయ్యాక అరుగు మీద కూర్చుని, పొలంలో పండిన పొగాకుతో తనే చుట్ట చుట్టుకుని కాల్చేది, మరుదుల ఇంటివైపు పొగ వదులుతూ.

మా ఇద్దరికీ పడేది కాదని మీరు అనుకుంటే అది కొంతవరకే నిజం. నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ, ఆవిడకి నాకన్నా ఎక్కువ. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒకే పొయ్యి ముందు ఉండేవారు. పొద్దున లేస్తే పులుసులో ఉప్పు గురించి మొదలుపెట్టి రాత్రి దీపం గురించి ముగించేవాళ్ళం. మా ఆయన మంచివాడే గానీ మాటకి కరువు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు ఎద్దులకి చెప్పేవాడు.

ఆ ఏడాది కాయ బాగా కాసింది. కల్లం నిండా ఎర్రగా ఎండబోశాం. ఒక పొద్దున, ఎండ ఇంకా ముదరక ముందే, మా అత్తగారు కూలీ ఆడవాళ్ళతో పాటు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబారిన కాయలు అవి, మంచి వాటిలో కలిస్తే ధర పోతుంది. ఉన్నట్టుండి "గుండెల్లో మంటే" అని రొమ్ము రాసుకుంది. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. ఒకామె సోడా తెచ్చింది. తాగింది. త్రేన్పు రాలేదు. ఇంకో సోడా తెచ్చారు. వాయువు పట్టిందని ఒకరు, రాత్రి తిన్న పండుమిర్చి పచ్చడని ఒకరు, కాయ బాగా కాసింది కాబట్టి మరుదుల దిష్టని మరొకరు తీర్పులు చెప్పారు.

నేను ఇంటి నుంచి చద్దన్నం తీసుకుని అప్పుడే వచ్చాను. నాకు ముందు కనిపించింది ఆవిడ చేతిలో ఆరిపోయిన చుట్ట. కాల్చడం మొదలుపెట్టాక ఆవిడ చుట్టని ఆరనివ్వగా నేను చూడలేదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే రవిక తడిసి ముద్దై ఉంది. ఒళ్ళు మాత్రం బావి గట్టులా చల్లగా ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమో మరి. దవడ లాగతంది. ఎడం చెయ్యి బరువుగా ఉంది. రొమ్ము మీద ఎవరో బస్తా దించినట్టుంది" అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. డాక్టరుగారి కోసం మనిషిని పరిగెత్తించాను.

మా ఊరి డాక్టరుగారు సైకిల్ మీద వచ్చారు. పెద్ద డిగ్రీలున్నవారు కాదు, జ్వరాలకీ గాయాలకీ చూసేవారు. నాడి పట్టుకుని, మొహం చూసి, సంచీ తెరవకుండానే, "ఇది నా చేతిలో పని కాదమ్మా, గుంటూరు తీసుకెళ్ళండి, నడిపించకండి" అన్నారు. ఈ రోజుకీ ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను. తెలియనిది తెలియదని చెప్పడం ఆ పూట మందుకన్నా ఎక్కువ పని చేసింది.

పక్క కల్లం ఒక సాయిబుగారిది. ఆయనకి సొంత లారీ ఉండేది, మా అత్తగారిని అక్కా అని పిలిచేవాడు. ఆ పొద్దున లారీకి కాయల బస్తాలు ఎక్కిస్తున్నాడు. విషయం చెప్పగానే వెనక సగం బస్తాలు దించేయమని మనుషులకి కేకేశాడు. ఆ జాగాలో నులకమంచం వేసి మా అత్తగారిని పడుకోబెట్టాం. పడుకునే ఆవిడ మొత్తుకుంది.

"బస్తాలు దించమాకయ్యా, ఇయ్యాల ధర బాగుంది, రేపు పడిపోద్ది."

"పడితే పడింది లేక్కా. కాయ రేపైనా పోద్ది. నువ్వు నోరు మూసుకుని పడుకో" అన్నాడాయన. ఆవిడ నోరు మూసుకోమన్న మాట విని ఊరుకుంది. అప్పుడే నాకు అర్థమైంది ప్రాణం మీదికి వచ్చిందని. కల్లంలో పంట వదిలి మా ఆయన రాలేని పరిస్థితి. నేనే లారీ ఎక్కాను.

గుంటూరులో మేం వెళ్ళిన ఆసుపత్రిలో గుండె గీతలు తీసే యంత్రం ఉంది. ఈసీజీ అనే మాట నేను మొదట విన్నది అక్కడే. చేతులకీ కాళ్ళకీ పట్టీలు కట్టి, ఛాతీ మీద ఏదో జిగురు రాసి, పొడుగాటి కాగితం లాగారు. డాక్టరుగారు కళ్ళద్దాల కుర్రవాడు, మాటలో మర్యాద ఉంది. నొప్పి తగ్గడానికి సూది వేశారు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు, రక్తం పలచబడటానికి ఇంకో సూది వేశారు. తర్వాత నన్ను మంచం పక్కకి పిలిచి, "హార్ట్ ఎటాక్ అమ్మా" అన్నారు.

నేను నమ్మలేదు. అది పట్నంలో ప్లీడర్లకీ మిల్లు యజమానులకీ వచ్చే జబ్బని విన్నాను. "అది డబ్బున్న మగవాళ్ళకి కదండీ వచ్చేది? ఈవిడ పొద్దస్తమానం పొలంలో ఉంటుందండీ" అన్నాను.

"గుండె ఎవరిదైనా గుండేనమ్మా. రక్తనాళంలో కొవ్వు చేరింది. ఆ కొవ్వు కరిగించే మందు మా దగ్గర ఇంకా లేదు. ఈ ఆరు వారాలూ మంచం మీద నుంచి కదలకుండా ఉంటేనే బతుకుతారు. లేచి నడిస్తే నేను హామీ ఇవ్వలేను."

మా అత్తగారు సూది మత్తులో నిద్రపోతోందని మేమిద్దరం అనుకున్నాం. పూర్తిగా పోలేదు. ఆ మాటల్లో నాలుగో ఐదో ఆవిడ చెవిన పడ్డాయి. మన భాషలో ఆ నాలుగు మాటలకీ ఏ అర్థం ఉందో డాక్టరుగారికీ తెలుసు, నాకూ తెలుసు, కానీ ఆ కంగారులో ఇద్దరికీ తట్టలేదు.

తెలివి వచ్చాక ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. జావ పడితే మింగేది, మొహం మాత్రం గోడవైపు తిప్పుకునేది. నొప్పి తగ్గినకొద్దీ ఆ మౌనం ముదిరింది. జబ్బు వల్ల అనుకున్నాను. మర్నాడు సిస్టర్ బెడ్‌పాన్ తీసుకొచ్చింది. అప్పుడు పేలింది.

"నన్ను లెగనియ్యండి. దొడ్లోకి పోతా. మంచంలో పోవటానికి నేనేం పసిపిల్లనా?"

"కదలకూడదన్నారు అత్తయ్యా."

"ఎవరన్నారు? ఆ అద్దాల కుర్రాడేనా? నా కొవ్వు కరిగిస్తాడంటనా? మా మరిది పంచాయతీలో నలుగురి ముందూ ఆ మాటే అన్నాడు. వాడి వల్లే కాలా. ఈయన వల్ల అవుద్దా?"

ఆవిడ ఆపలేదు.

"నువ్వే చెప్పుంటావు, మా అత్తకి కొవ్వండీ అని. లేకపోతే ఊరు కాని ఊళ్ళో ఆయనకెట్టా తెలిసిద్ది?"

అంటూ గొట్టం పీకేసి, మోచేతుల మీద లేచి, ఒక కాలు మంచం దించబోయింది. మొహం తెల్లగా పాలిపోయింది, పెదవులు నల్లబడుతున్నాయి. సిస్టర్ డాక్టరు కోసం పరిగెత్తింది. నేను ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి వంచాను. కోడలు అత్తగారి మీద అలా చెయ్యి వేయడం మా ఇళ్ళల్లో ఎవరూ చూసి ఉండరు.

"లేచారంటే చస్తారు!" అని అరిచాను.

ఎదురు మంచం ముసలమ్మ, "అత్తని పట్టుకుని ఎంత మాటందో చూశారా" అని ముక్కున వేలేసుకుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను ఆమెవైపు చూడనైనా లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి.

"చస్తే మీరు హాయిగా చస్తారు. నా సంగతేంటి? ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి మీరు ఒక్కరే. తిట్టినా మీరే, పెట్టినా మీరే. మీ అబ్బాయితో నేను మాట్లాడాలంటే మధ్యలో ఎద్దు ఉండాలి. నేనెవరితో పోట్లాడను? ఆయన కొవ్వుందన్నది గుండెలోని నాళానికి. మీకు కాదు. నేనేం చెప్పలేదు. ఒట్టు."

మా అత్తగారు పెనుగులాట ఆపింది. ఊపిరి బరువుగా తీస్తోంది. నేను పట్టు వదలలేదు. చివరికి తనే కాలు పైకి లాక్కుని వెల్లకిలా పడుకుంది.

"సరే, తగలెయ్ ఆ పళ్ళెం. నువ్వు పట్టుకో. ఆ పిల్లని అవతలికి పంపు" అంది, కళ్ళు మూసుకుని.

ఆ పూట నుంచి ఆరు వారాలు ఆ పని నేనే చేశాను. మొదటి రెండు మూడుసార్లు ఇద్దరం సిగ్గుతో చచ్చాం. తర్వాత అలవాటైపోయింది.

ఆ సాయంత్రం డాక్టరుగారు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. జరిగింది సిస్టర్ చెప్పినట్టుంది. ఆయనకి నవ్వు వస్తోంది గానీ ఆపుకున్నారు.

"అమ్మా, నేనన్నది మీ ఒంటి కొవ్వు కాదు. నోటి కొవ్వు అంతకన్నా కాదు. ఆ గోడ చూడండి" అని వార్డు మూల చూపించారు. అక్కడ చెమ్మ పట్టి గోడ సున్నం ఉబ్బి ఉంది.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత మా అత్తగారు ఊరంతటికీ అదే చెప్పింది. ఒళ్ళంతటికీ రక్తం తోడే గుండె తన ఆకలికి కూడా రక్తం కావాలంటుంది. అందుకు దాని మీదుగానే సన్నటి నాళాలు పాకి ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ నాళం గోడ లోపలి పొర కింద కొవ్వు చేరుతుంది. కాలవలో పూడికలా నీళ్ళు పారే చోట కాదు, గోడలోనే, సున్నం కింద చెమ్మలా. పైకి ఏమీ తెలియదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఒక రోజు ఆ ఉబ్బిన చోట పెచ్చు లేస్తుంది. రక్తానికి అది గాయంలా కనిపిస్తుంది. వేలు తెగితే ఎలా గడ్డ కడుతుందో అక్కడా అలాగే గడ్డ కట్టేస్తుంది. వేలి మీద అయితే మంచిదే. అంత సన్నటి నాళంలో గడ్డ కడితే దారి మూసుకుపోతుంది. దారి మూసుకున్న చోట నుంచి కింద ఉన్న గుండె కండకి రక్తం అందక చచ్చిపోతుంది.

"ఇంకా కొత్తగా గడ్డ కట్టకుండా సూదులు వేస్తున్నాం. చచ్చిన కండ మళ్ళీ పుట్టదు. అక్కడ మచ్చ కట్టాలి. పచ్చిపుండు మీద బరువు వేస్తే పగులుతుంది కదమ్మా? మచ్చ గట్టిపడేదాకా కదలొద్దన్నది అందుకే."

మా అత్తగారు అంతా శ్రద్ధగా విన్నది. నేను ఊహించని ప్రశ్న వేసింది.

"పెచ్చు లేచిన చోట మళ్ళీ సున్నం కొట్టరా?"

"లోపలికి వెళ్ళి కొట్టే దారి మాకు ఇంకా తెలీదమ్మా. ఎవరో ఒకరు కనుక్కుంటారు" అన్నారు.

"ఎండుపుల్లలా ఉన్నా కదయ్యా, నాకెందుకు చేరింది?"

"సన్నగా ఉన్నంత మాత్రాన చేరదని ఏం లేదు. కొందరికి వంశంలో వస్తుంది. రక్తపోటు ఉంటే వస్తుంది. చుట్ట పొగ ఆ లోపలి పొరని పాడు చేస్తుంది. చుట్ట మానకపోతే నేను చేసిందంతా వృథా."

"నా చుట్ట ఎవర్నేం చేసిందయ్యా" అని గొణిగింది. కానీ మర్నాడు చుట్ట అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. నేను దాచిన రెండు చుట్టలు తీసి చూపిస్తే, "చూపిచ్చమాక, పారెయ్" అని విసుక్కుంది. సోడా సంగతి కూడా అడిగాం. మంట మంటే, అన్నిసార్లూ గుండె జబ్బు కాదు, కానీ చల్లచెమట పట్టినా, దవడకో చేతికో నొప్పి పాకినా, రొమ్ము నొక్కేసినట్టున్నా సోడా కోసం ఆగొద్దు అన్నారు డాక్టరుగారు.

ఇప్పటికి కొన్నేళ్ళ కిందట మా ఆయనకీ గుండెపోటు వచ్చింది, తల్లి నాళమే కొడుక్కీ వచ్చినట్టుంది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి తీగ గుండె దాకా పంపి, మూసుకున్న చోట బుడగ ఊది దారి చేసి, అక్కడ జల్లెడలాంటి చిన్న గొట్టం నిలబెట్టారు. స్టెంట్ అంటారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఒక మాల జపం పూర్తి చేసేలోపు అయిపోయిందన్నారు. వారం తిరక్కుండా ఇంటికొచ్చి ఎద్దులు లేవు కాబట్టి టీవీతో మాట్లాడటం మొదలుపెట్టాడు. రక్తం గడ్డ కట్టకుండా రోజూ చిన్న బిళ్ళ, కొవ్వు తగ్గడానికి ఇంకో బిళ్ళ. అన్ని వారాలు కదలకుండా పడుకోబెట్టడం కూడా ఇప్పుడు లేదు, అంతసేపు పడుకుంటేనే కాళ్ళలో గడ్డలు కడతాయంటున్నారు. ఆ రోజుల్లో వాళ్ళకి తెలిసింది వాళ్ళు చేశారు. తెలియనిది ఎవరో ఒకరు కనుక్కుంటారని చెప్పిన ఆ కుర్ర డాక్టరు మాట నిజమైంది.

ఆసుపత్రి మంచం మీద మా అత్తగారి రోజులు నడిచాయి. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయంటే ఏమో అనుకునేదాన్ని. నా చేత్తో ముద్ద కలిపి పెడితే ఆవిడ తినేది. ఉప్పు లేని పప్పు, కారం లేని కూర. "ఇదేం తిండే, మీ కొత్తపట్నంలో చేపలకి పెడతారా?" అనేది. అనేది గానీ గిన్నె ఖాళీ చేసేది. పక్క మార్చేటప్పుడు నా మెడ పట్టుకునేది, తల దువ్వితే కళ్ళు మూసుకునేది. నాడి చూడటానికి సిస్టర్ వచ్చినప్పుడల్లా "ఎంతుంది?" అని అడిగేది, కాయ ధర అడిగినట్టే.

ధర మాట డాక్టరుగారు నిషేధించారు. ఒక ఆదివారం మా ఆయన వచ్చి, ధర పడిందని చెప్తుంటే ఆవిడ నాడి పరిగెత్తింది, డాక్టరుగారు చూసి మండిపడ్డారు. తర్వాత మా ఆయన వచ్చినప్పుడల్లా మంచం పక్కన నిలబడి, "అంతా బాగానే ఉందమ్మా" అని, ఆ మూడు మాటలతో ఆ ఆదివారం ముగించేవాడు. కొడుకు వెళ్ళాక ఆవిడ, "అబద్ధం చెప్పటం కూడా రాదు నా కొడుక్కి" అని నవ్వేది.

ఆ రోజుల్లోనే మరిది సంగతి పూర్తిగా చెప్పింది. భర్త పోయిన ఏడాదికి పొలం పంపకంలో ఆవిడ నాకు నా వాటా కావాలని పంచాయతీ ముందు నిలబడితే, మరిది చెప్పు తీసి, "నీ కొవ్వు కరిగిస్తానే" అన్నాడట. పెద్దమనుషులు ఒక్కరూ నోరు మెదపలేదట. వాటా వచ్చింది గానీ ఆ మాట ఉండిపోయింది.

"అప్పటి నుంచి ఎవరైనా ఆ మాటంటే నవ్వేదాన్నే. లోపల మాత్రం రగిలిపోయేది. తెలిస్తే నువ్వూ ఆ మాటే అంటావని ఇన్నాళ్ళూ చెప్పలా" అంది.

ఆవిడ చెయ్యి నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఉందని నాకే అప్పటిదాకా తెలియదు.

ఆరు వారాలు గడిచాయి. మధ్యలో దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు, కాళ్ళు వేలాడేసి కూర్చోనిచ్చారు. ఒక పొద్దున డాక్టరుగారు కాగితం మళ్ళీ తీసి చూసుకుని, "మచ్చ కట్టిందమ్మా. ఇవాళ లేచి నాలుగడుగులు వేయండి" అని చెప్పి పక్క వార్డుకి వెళ్ళారు. నాకు పండగలా అనిపించింది. చీర కుచ్చిళ్ళు సర్ది, నూనె రాసి తల దువ్వి, "లేవండత్తయ్యా" అన్నాను.

ఆవిడ లేవలేదు. మంచం అంచున కూర్చుని నేలని చూస్తూ ఉండిపోయింది. కాలి వేళ్ళు నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. లేవనివ్వమని గొట్టం పీకేసిన మనిషి.

"ఏమైంది?"

"ఆగిపోద్దేమోనే" అంది. చిన్నపిల్ల గొంతులా ఉంది.

నేను ధైర్యం చెప్పాను. డాక్టరుగారు చెప్పారని చెప్పాను. సిస్టర్ వచ్చి చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మరుదులకి జంకలేదు, వ్యాపారులకి జంకలేదు, ఇప్పుడు నేలంటే భయపడుతోంది. నేను మంచం ముందు నేల మీద కూర్చుని, నా రెండు అరచేతులూ ఆవిడ పాదాల కింద పరిచాను.

"నేల మీద వద్దు. ముందు నా చేతుల మీద పెట్టండి."

"ఛీ, తియ్యి చేతులు. మనిషి చెయ్యి తొక్కుతానా? పైగా ఇంటి కోడలివి. పాపం చుట్టుకుద్ది."

"తియ్యను."

"తియ్యవే!"

"మీరు లేచేదాకా తియ్యను."

ఆవిడ చిరాగ్గా నా చేతులు తప్పించుకుంటూ కుడి కాలు ఒక పక్కకి వేసింది. ఎడం కాలు ఇంకో పక్కకి వేసింది. నన్ను తిట్టడానికి ముందుకు వంగి, నా భుజం పట్టుకుని, నిలబడింది. నిలబడ్డాక గానీ నిలబడ్డానని ఆవిడకి తెలియలేదు.

"ఏదీ, ఆగిందా?" అన్నాను కింద నుంచే.

ఆవిడ కదలకుండా, కుడి చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని విన్నది. వార్డులో ఎదురు మంచం ముసలమ్మ కూడా లేచి కూర్చుని చూస్తోంది. మా అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరిది సంగతి చెప్పినప్పుడు కూడా ఆవిడ కళ్ళు తడవలేదు.

"కొట్టుకుంటందే" అంది. "ఒసేయ్, కొట్టుకుంటంది."

నేను లేవగానే నా చెయ్యి లాక్కుని తన రొమ్ముకి ఆనించుకుని, నన్ను కూడా వినమంది. మరో చెయ్యి నా భుజం మీద వేసి, ఒక్కో అడుగే వేస్తూ, కిటికీ దాకా నడిచింది.